కొత్త సర్వో వేసినా స్టీరింగ్ తిరగట్లేదా? ఆర్సీ కారులో ముందు చూడాల్సినవి

ఆర్సీ (రిమోట్‌తో నడిపే) కారు స్టీరింగ్ మొరాయించగానే చెన్నైలో చాలామంది చేసే మొదటి పని ఎలక్ట్రానిక్స్ దుకాణాల రిచీ స్ట్రీట్‌కి బయల్దేరడం. స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు పెట్టె, అంటే సర్వో, 20 కేజీలది (కేజీలంటే దాని తిప్పే బలం) ఒకటి తెస్తారు, బిగిస్తారు, నాలుగు రౌండ్లు కొడతారు, మళ్ళీ అదే గోల. ఈసారి 35 కేజీలది తెస్తారు. పాత సర్వో నిక్షేపంగా ఉందని తేలేది ఆ తర్వాత. అందుకే కొత్తది కొనకముందే ఈ చిన్న పని చేయండి. ఐదు నిమిషాలు కూడా పట్టదు, అయినా ఎందుకో ఎవరూ చేయరు.

సర్వో హార్న్ (సర్వో షాఫ్ట్‌కు బిగించే చిన్న చేయి) నుంచి స్టీరింగ్ లింక్ ఊడదీయండి. ముందు చక్రాల్ని వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడండి. ఎక్కడా అడ్డు తగలకూడదు. పట్టేస్తుంటే తప్పు సర్వోది కాదు, లింకేజీది. బెసంట్ నగర్, తిరువాన్మియూర్ బీచ్‌లో నడిపే కార్లలో అయితే బెల్‌క్రాంక్ (సర్వో కదలికను చక్రాలకు అందించే మెలిక చేయి) బుష్‌లలో ఇసుక చేరి ఉంటుంది, ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పట్టి ఉంటాయి. విప్పి, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, ప్లాస్టిక్ బుష్‌లు ఉంటే వాటి స్థానంలో బాల్ బేరింగులు వేయండి. గ్రీజు పూయకండి, అది ఇసుకను ఇంకా పట్టి ఉంచుతుంది. బెల్‌క్రాంక్ స్క్రూ మరీ బిగిసినా ఇలాగే పట్టేస్తుంది. పావు చుట్టు వదులు చేస్తే చాలు. చక్రాలను తిప్పే కడ్డీ, టై రాడ్, వంగిందేమో కూడా ఒకసారి చూడండి.

చక్రాలు హాయిగా తిరిగితే, లింక్ పెట్టకుండానే సర్వోను రిమోట్‌తో తిప్పండి. సగమే తిరుగుతోందా? రిమోట్ మీద స్టీరింగ్ డ్యూయల్ రేట్ నాబ్ (స్టీరింగ్ ఎంత తిరగాలో మార్చేది) చూడండి. బ్యాగులో రాసుకుని అది కిందికి తిరిగిపోవడం మామూలే. దీనికి కూడా కొత్త సర్వో కొన్నవాళ్ళున్నారు.

మోటారు చప్పుడు వస్తోంది, చక్రం తిరగట్లేదు

ఇక్కడ అనుమానించాల్సినవి మూడు. హార్న్ మధ్య స్క్రూ మీద మార్కర్‌తో గీత గీసి రిమోట్ తిప్పండి. గీత కదలకుండా లోపల గరగరమంటే సర్వో గేర్లు అరిగాయి. గీత తిరుగుతూ హార్న్ నిలబడిపోతే హార్న్ లోపలి పళ్ళు పోయాయి. రెండూ తిరుగుతూ చక్రం మాత్రం వెనకబడితే సర్వో సేవర్ స్ప్రింగ్ వదులైంది. దాని నట్ అర చుట్టు చొప్పున బిగించుకుంటూ వెళ్ళండి. పూర్తిగా బిగించేస్తే అసలు సేవర్ లేనట్టే, గోడకు తగిలిన ప్రతి దెబ్బా నేరుగా గేర్ల మీద పడుతుంది.

గేర్లు పోయుంటే అదే మోడల్ గేర్ సెట్ దొరుకుతుందేమో అడగండి. దొరక్కపోతే కొత్త సర్వోనే.

కొత్త సర్వోకు పాత హార్న్ వదులుగా ఉంది, లేదా అసలు దిగట్లేదు

అవుట్‌పుట్ షాఫ్ట్ పళ్ళ లెక్క అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. ఫుటాబా, సావోక్స్, ఇంకా మన మార్కెట్లో దొరికే చైనా సర్వోల్లో చాలావాటికి 25 పళ్ళు. హైటెక్‌లో చాలా మోడళ్ళకు 24. జేఆర్, సాన్వా, కేఓలకు 23. తేడా ఒక్క పన్నే కదా అని నొక్కి దించితే ప్లాస్టిక్ హార్న్ దిగుతుంది కూడా, బిగిసినట్టే అనిపిస్తుంది. నాలుగు దెబ్బలు తగిలాక లోపలి పళ్ళు అరిగి నున్నగా అయిపోతాయి. కొనేముందు పాత షాఫ్ట్ మీద ఒక పన్నుకు మార్కర్‌తో చుక్క పెట్టి, అక్కడి నుంచి లెక్కపెట్టండి.

హార్న్ స్క్రూ పొడవు మర్చిపోవద్దు. పొడవు ఎక్కువైతే స్క్రూ షాఫ్ట్ అడుగుకు తగిలి ఆగిపోతుంది. స్క్రూ బిగుసుకుంటుంది గానీ హార్న్ ఆడుతూనే ఉంటుంది. షాఫ్ట్, హార్న్ రెండూ మెటల్ అయితేనే నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేయండి. ప్లాస్టిక్‌కు అది తగిలితే పగుళ్ళు రావచ్చు.

స్టీరింగ్ ఒక పక్కకు తిరిగి అలాగే తిరుగుతూనే ఉంది, లేదా కొంచెం తిప్పితే మరీ ఎక్కువ తిరుగుతోంది

ఇది రిచీ స్ట్రీట్ కొనుగోళ్ళలో ఎక్కువ. అక్కడ సర్వోలు ఎక్కువగా పోయేది కాలేజీ రోబో ప్రాజెక్టులకు. ఒకే పెట్టె, ఒకే స్టిక్కర్‌తో 180, 270, 360 డిగ్రీల రకాలు అమ్ముతారు. 360 రకానికి మధ్య స్థానం అనేదే తెలియదు, ఆగకుండా తిరిగే మోటారు అది. స్టీరింగ్‌కు పనికిరాదు. 270 రకం పనిచేస్తుంది గానీ రిమోట్ పంపే అదే 1000 నుంచి 2000 మైక్రోసెకన్ల సిగ్నల్‌కు ఒకటిన్నర రెట్లు తిరుగుతుంది. రిమోట్‌లో ఎండ్ పాయింట్లు (సర్వో ఒక్కో పక్కకు ఎంతవరకు తిరగాలో పెట్టే హద్దులు) బాగా తగ్గించి సర్దుకోవచ్చు, కచ్చితత్వం మాత్రం తగ్గుతుంది. 180 డిగ్రీలది అని నోరు తెరిచి అడగండి.

నిలబడి ఉంటే స్టీరింగ్ తిరగదు, వేగంలో వదిలేస్తుంది, ఒక్కోసారి కారు మొత్తం ఒక క్షణం చచ్చిపోతుంది

అసలు దొంగ ఇక్కడ ఉన్నాడు: సర్వోకు కరెంటు చాలకపోవడం. బలమైన సర్వో వేశాక మొదలయ్యే సమస్యల్లో ఎక్కువ భాగం దీనివే, అయినా నింద సర్వో మీదికే పోతుంది.

సర్వోకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి రాదు. మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీలో బీఈసీ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది, అది బ్యాటరీ వోల్టేజీని 5 లేదా 6 వోల్ట్‌లకు తగ్గించి, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌కు, అక్కడి నుంచి సర్వోకు ఇస్తుంది. కారుతో వచ్చే మామూలు ఈఎస్‌సీల్లో ఈ బీఈసీ 2, 3 ఆంపియర్లకు మించి ఇవ్వలేదు. 20 కేజీల డిజిటల్ సర్వో చక్రం నేలకు పట్టి కదలలేని స్థితిలో ఒక్కటే 2 నుంచి 3 ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో ఏసీ ఆన్ కాగానే లైట్లు మందగించినట్టు, రిసీవర్‌కు వెళ్ళే వోల్టేజీ కూడా కుంగుతుంది. కుంగితే సర్వో బలం తగ్గుతుంది. ఇంకా కుంగి 3.5, 4 వోల్ట్‌ల దగ్గరికి వస్తే చాలా రిసీవర్లు రీసెట్ అవుతాయి. మీరు చూసే ఆ క్షణం చావు అదే. కారు ఆగాక రిసీవర్ ఎల్‌ఈడీ మెరుస్తూ ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

టేబుల్ మీద ఇది ఎందుకు దొరకదు? చక్రాలు గాల్లో ఉంటే సర్వోకు లోడే లేదు, కరెంటు అరకొరగా లాగుతుంది. అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. చవక ఈఎస్‌సీలతో ఇంకో తిరకాసు ఉంది. చాలావాటిలో బీఈసీ లీనియర్ రకం, మిగులు వోల్టేజీని వేడిగా మార్చి పారేస్తుంది. నిండుగా ఛార్జ్ అయిన 2ఎస్ (రెండు సెల్‌ల) లైపో బ్యాటరీ 8.4 వోల్ట్‌లు, బయటికిచ్చేది 6. 2 ఆంపియర్లు లాగితే దాదాపు 5 వాట్ల వేడి. అదే కారులో 3ఎస్ పెడితే 12.6 వోల్ట్‌లు, వేడి 13 వాట్లు దాటుతుంది. గోరంత చిప్ అది, మే నెల చెన్నై ఎండలో ఎంతసేపు తట్టుకుంటుంది? ఐదారు నిమిషాలు బాగా నడిచి, స్టీరింగ్ పడిపోయి, నీడలో పెట్టి చల్లారాక మళ్ళీ బాగైతే కారణం ఈ వేడే. చల్లారిన కారును ఇంటికి తెచ్చి పరీక్షిస్తే ఏ తప్పూ కనబడదు, దాంతో ఇంకో సర్వో కొంటారు.

పట్టుకోవడం ఇలా. నిండు బ్యాటరీ పెట్టి కారును గరుకు సిమెంటు నేల మీద ఉంచండి. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్ట్‌ల రేంజిలో పెట్టి, రిసీవర్‌లో ఖాళీగా ఉన్న ఛానల్ ప్లస్, మైనస్ పిన్నుల మధ్య కొలవండి. ప్రోబ్‌లు నేరుగా దూర్చితే జారి షార్ట్ అవుతాయి, ఒక పాత సర్వో వైరు కోసి వాడటం మేలు. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా స్టీరింగ్ అటూ ఇటూ వేగంగా తిప్పండి. తర్వాత ఒక చక్రాన్ని చేత్తో పట్టుకుని, ఒక్క సెకను మాత్రమే, తిప్పండి. ఊరికే ఉన్నప్పుడు 6.0 చూపించి, ఇప్పుడు 5 దగ్గరికి పడితే బీఈసీకి శక్తి చాలట్లేదు. మీటర్ చూపించేది సగటు మాత్రమే. మిల్లీసెకన్లలో వచ్చిపోయే అసలు గుంటలు దానికి దొరకవు, నిజం ఇంకా కిందే ఉంటుంది.

దీనికి నాలుగు దారులున్నాయి, అన్నీ సమానం కావు.

చవకది కెపాసిటర్. 4700 మైక్రోఫారడ్, 16 వోల్ట్‌ల ఎలక్ట్రోలిటిక్‌ను సర్వో ప్లగ్‌కు సోల్డర్ చేసి ఖాళీ ఛానల్‌లో పెడతారు. క్షణికమైన గుంటల్ని పూడుస్తుంది. బండరాయికి చక్రం ఆనించి పట్టి ఉంచే, రాళ్ళెక్కే క్రాలర్ కారుకు ఇది ఏమీ చేయలేదు. మైనస్ గీత ఉన్న కాలు నల్ల లేదా బ్రౌన్ వైరుకే వెళ్ళాలి, తిరగేస్తే పేలుతుంది.

రెండోది ఈఎస్‌సీలో బీఈసీ వోల్టేజీని 6 నుంచి 7.4కు మార్చడం. సర్వో, రిసీవర్ రెండూ ఆ వోల్టేజీకి తట్టుకునేవైతేనే. ఎక్కువ వోల్టేజీ వల్ల సర్వో ఇంకా ఎక్కువ లాగుతుంది, బీఈసీ ఆంపియర్లు మాత్రం పెరగవు. కాబట్టి దీన్ని నమ్ముకోవద్దు.

మూడోది, క్రాలర్లకూ భారీ ట్రక్కులకూ సరైనది, విడి బీఈసీ. నిలకడగా 5 ఆంపియర్లు ఇచ్చే స్విచింగ్ రకం తీసుకోండి. కారుకు తగిలించకముందే బ్యాటరీకి కలిపి అవుట్‌పుట్ 6 వోల్ట్‌లే వస్తోందని మీటర్‌తో చూసుకోండి. ఇన్‌పుట్ వైర్లు ఈఎస్‌సీకి బ్యాటరీ వచ్చే వైపు సోల్డర్ చేయాలి. అవుట్‌పుట్ రిసీవర్ బ్యాటరీ పోర్టుకు వెళుతుంది. ఇప్పుడు ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వచ్చే ప్లగ్‌లో ఎర్ర వైరు పిన్నును, ప్లాస్టిక్ నాలుకను సన్నటి సూదితో ఎత్తి, బయటికి లాగి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగండి. కోయకండి, రేపు అవసరం పడొచ్చు. ఎర్రది తీయకపోతే రెండు బీఈసీలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. నల్ల వైరు, సిగ్నల్ వైరు అలాగే ఉండాలి. 35, 40 కేజీల సర్వో అయితే దాని ఎరుపు, నలుపు వైర్లను నేరుగా విడి బీఈసీకి కలిపి, రిసీవర్‌కు సిగ్నల్, నలుపు మాత్రమే ఇవ్వండి.

ఈ మార్పు చేశాక ఒక ప్రమాదముంది. ఈఎస్‌సీ స్విచ్ ఆపినా విడి బీఈసీ ఆగదు. బ్యాటరీ పీకకుండా పడుకుంటే తెల్లారేసరికి లైపో ఉబ్బి పనికిరాకుండా పోవచ్చు.

నాలుగో దారి ఎవరికీ నచ్చదు. మీ బీఈసీ మోయగలిగే చిన్న సర్వో వేసుకోండి. 1/10 సైజు టూ వీల్ డ్రైవ్ బగ్గీకి 6 నుంచి 9 కేజీలు సరిపోతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కుకు 10 నుంచి 15. క్రాలర్‌కూ 1/8 బగ్గీకీ మాత్రమే 20, ఆపైన. సర్వో మీద రాసిన కేజీలు ఏ వోల్టేజీ దగ్గరో చూడండి. 7.4 వోల్ట్‌ల దగ్గర 20 అని రాసినది మీ 6 వోల్ట్‌ల కారులో 20 ఇవ్వదు. రిచీ స్ట్రీట్‌లో ముందుగా చేతిలో పెట్టే ఎంజీ996ఆర్ 6 వోల్ట్‌ల దగ్గర 11 కేజీలు, స్టాల్‌లో (కదలకుండా పట్టేసినప్పుడు) 2.5 ఆంపియర్లు. మెటల్ గేర్లే, కానీ నకిలీలు మధ్యలోకి సరిగ్గా రావు. అలాంటిది వేశాక నేరుగా పోవాల్సిన కారు వంకరగా పోతుంటే రిమోట్‌లో మధ్య స్థానం సర్దే ట్రిమ్‌తో కుస్తీ పట్టకండి.

కొత్త సర్వో రెండు మూడుసార్లు నడిపేసరికి వేడెక్కి మాడిపోయింది

ఎండ్ పాయింట్లు పెట్టలేదు, అంతే. ట్రిమ్ సున్నాలో పెట్టి, హార్న్ లేకుండా కరెంటిచ్చి సర్వోను మధ్యకు రానివ్వండి. అప్పుడు హార్న్‌ను లింక్‌తో 90 డిగ్రీల కోణంలో వచ్చేలా బిగించండి. తర్వాత రిమోట్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, చక్రం స్టాపర్‌కు తగిలే ముందు ఆగేవరకు ఎండ్ పాయింట్ తగ్గించండి. రెండో పక్క విడిగా చేయాలి, రెండు పక్కలా అంకె ఒకటే ఉండాలని లేదు. చివరలో పట్టి ఉంచినప్పుడు సర్వో గూయ్‌మని మూలిగితే ఇంకో రెండు మూడు పాయింట్లు తగ్గించండి. ఎండ్ పాయింట్ సెట్టింగే లేని రిమోట్ అయితే డ్యూయల్ రేట్ తగ్గించి, హార్న్‌లో లోపలి రంధ్రం వాడండి. తిరిగే దూరం తగ్గుతుంది, బలం పెరుగుతుంది.

మిగతావి

స్టీరింగ్ ఎడమకు తిప్పితే కుడికి పోతే రిమోట్‌లో రివర్స్ స్విచ్ ఉంది. బ్రష్ మోటారు తిరిగినప్పుడే సర్వో వణికితే మోటారు మీద చిన్న కెపాసిటర్లు ఊడాయేమో చూడండి. రిసీవర్ పోవడం చాలా అరుదు, అన్నీ అయ్యాకే దాని జోలికి వెళ్ళండి. పాత సర్వోకు మూడు కాక ఐదు వైర్లుంటే మాత్రం పైన చెప్పిన కొనుగోలు లెక్కలన్నీ పక్కన పెట్టండి. దాని కంట్రోల్ సర్క్యూట్ సర్వోలో కాక రిసీవర్ బోర్డులో ఉంటుంది, మామూలు సర్వో దానికి తగలదు. అదే మోడల్ ఐదు వైర్ల సర్వో వెతికి తెచ్చుకోండి, లేదంటే రిసీవర్, ఈఎస్‌సీ, రిమోట్ మూడూ మార్చాలి.