రక్షణ సామగ్రి ఎగుమతికి అనుమతి: దరఖాస్తు ఎక్కడ, ఎలా

విదేశీ కంపెనీ నుంచి ఆర్డరు వచ్చింది. సరుకు రెడీగా ఉంది. అయినా అది రక్షణ సామగ్రి కిందికి వచ్చేదైతే, ప్రభుత్వ అనుమతి చేతిలో లేకుండా ఓడరేవు దాటించడం నేరం. తుపాకులు, తూటాలకే ఈ నియమం అనుకుని చాలామంది ధీమాగా ఉంటారు. సైనిక వాహనానికి వాడే విడిభాగం, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్, రాడార్ సాఫ్ట్‌వేర్ కూడా ఇందులోకి రావచ్చు. డ్రాయింగులను ఈమెయిల్‌లో పంపినా చట్టం దృష్టిలో అది ఎగుమతే.

కాబట్టి అన్నిటికంటే ముందు మీ వస్తువు ఏ జాబితాలో ఉందో తేల్చుకోవాలి. మన దేశంలో నియంత్రిత ఎగుమతుల జాబితాను స్కోమెట్ అంటారు. విదేశీ వాణిజ్య చట్టం, 1992 కింద విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) దీన్ని ప్రకటిస్తుంది. ఇందులో 0 నుంచి 8 వరకు కేటగిరీలున్నాయి. ఆయుధాలు, సైనిక సామగ్రి ఉండేది కేటగిరీ 6లో. ఇక్కడి వరస, ఆయుధాల ఎగుమతులపై నియంత్రణకు దేశాలు కుదుర్చుకున్న అంతర్జాతీయ వాసెనార్ ఒప్పందపు ఆయుధాల జాబితాను అనుసరిస్తుంది. 2017 డిసెంబరులో భారత్ ఆ ఒప్పందంలో చేరింది. 6ఏ001 అంటే చిన్న ఆయుధాలు, 6ఏ003 అంటే మందుగుండు, 6ఏ013 అంటే కవచాలు, రక్షణ పరికరాలు. పౌర అవసరాలకూ సైన్యానికీ పనికొచ్చే ఎలక్ట్రానిక్స్, సెన్సర్ల వంటివి కేటగిరీ 8లో ఉంటాయి.

ఎక్కడ దరఖాస్తు చేయాలన్నది కేటగిరీని బట్టే ఉంటుంది. కొన్ని మినహాయింపులు పోను కేటగిరీ 6 వస్తువులకు అనుమతి ఇచ్చేది రక్షణ మంత్రిత్వ శాఖలోని రక్షణ ఉత్పత్తి విభాగం. దరఖాస్తు డిఫెన్స్ ఎగ్జిమ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. కేటగిరీ 0లోని అణు సంబంధిత వస్తువులను అణుశక్తి విభాగం, మిగతా వాటిలో ఎక్కువ భాగాన్ని డీజీఎఫ్‌టీ చూస్తాయి. తప్పు గుమ్మం తడితే ఫైలు తిరిగొస్తుంది, గడిచిన రోజులు మాత్రం తిరిగి రావు. ఏ కోడో తేలకపోతే ఊహించి రాయకండి. సాంకేతిక వివరాలు జతచేసి ముందే స్పష్టత అడగండి.

పోర్టల్‌లో నమోదు కావాలంటే ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారులకు ఇచ్చే గుర్తింపు కోడు) నంబరు ఉండాలి. ఆ తర్వాత వస్తువు వివరణ, స్కోమెట్ కోడు, పరిమాణం, విలువ, సాంకేతిక స్పెసిఫికేషన్లు, పర్చేజ్ ఆర్డర్ లేదా కాంట్రాక్టు ప్రతి జతచేయాలి. ఇదంతా మామూలు పనే. అసలు కథ ఎండ్ యూజర్ సర్టిఫికెట్ దగ్గర మొదలవుతుంది.

మీ దగ్గర కొనేవాడు ఒకడు, సరుకు అందుకునేవాడు ఇంకొకడు, చివరికి వాడేవాడు మరొకడు కావచ్చు. అధికారులకు కావాల్సింది ఆ చివరి పేరు. ఆ సరుకును ఏ పనికి వాడతారో చెప్పి, వేరే పనికి వాడబోమని, భారత ప్రభుత్వ అనుమతి లేకుండా మరొకరికి బదిలీ చేయబోమని హామీ ఇస్తూ అవతలివాళ్లు సంతకం చేసి ఇచ్చే పత్రం ఇది. పూర్తిస్థాయి ఆయుధమైతే ఆ దేశ ప్రభుత్వం ఇచ్చిన పత్రమే అడుగుతారు. విడిభాగాలకైతే కొనే కంపెనీ ఇచ్చినది సరిపోయే సందర్భాలున్నాయి. మధ్యవర్తి ఇచ్చే ఉత్తరం ఇందుకు పనికిరాదు. పర్చేజ్ ఆర్డర్‌లో ఒక చిరునామా, సర్టిఫికెట్‌లో మరొకటి ఉన్నా, పరిమాణాలు కలవకపోయినా వివరణ అడుగుతూ ఫైలు ఆపేస్తారు. విదేశం నుంచి కొత్త సంతకం తెప్పించడం ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకే తెలుసు. అందుకే బేరం కుదిరే దశలోనే ప్రభుత్వం సూచించిన నమూనాను కొనుగోలుదారుకు పంపేయడం మేలు.

దరఖాస్తు అందాక అవసరాన్ని బట్టి విదేశాంగ శాఖ వంటి ఇతర విభాగాల అభిప్రాయం తీసుకుంటారు. ఆ దేశంపై ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆంక్షలున్నాయా, సరుకు దారి మళ్లే ప్రమాదం ఉందా అన్నది చూస్తారు. టెండరు నమూనాగానో ప్రదర్శన కోసమో తాత్కాలికంగా పంపే సరుకుకు కూడా అనుమతి కావాలి. విమానం టికెట్లు కొన్నాక గుర్తొచ్చే విషయం ఇది!

విడిభాగాలను కొన్ని దేశాలకు తరచూ పంపేవారి కోసం 2019లో ఓపెన్ జనరల్ ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ తెచ్చారు. దీంతో ప్రతి కన్‌సైన్‌మెంటుకూ విడిగా అనుమతి అడగనక్కర్లేదు. మొదట ప్రకటించిన జాబితాలో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, జపాన్ వంటి దేశాలున్నాయి. పంపిన సరుకు లెక్కలు మాత్రం విభాగానికి సమర్పించాల్సిందే.

ఇంత కాగితం ఎందుకని విసుక్కునేవారు ఒకటి గమనించాలి. ఆయుధం ఎవరి చేతికి వెళ్లిందో తర్వాత కనుక్కోవడానికి మిగిలే జాడ ఈ ఫైలే. 2024-25లో మన రక్షణ ఎగుమతులు రూ. 23,622 కోట్లకు చేరాయని, 1,762 అనుమతులు ఇచ్చారని రక్షణ శాఖ ప్రకటించింది. మొత్తం విలువ ఇలా తెలుస్తున్నా, ఏ దేశానికి ఏ వస్తువు ఎంత వెళ్లిందన్న పూర్తి పట్టిక ఆ ప్రకటనలో ఉండదు. ప్రధాన ఆయుధాల బదిలీలను దేశాలు స్వచ్ఛందంగా తెలిపేందుకు ఐక్యరాజ్యసమితి 1991లోనే ఒక రిజిస్టరు ఏర్పాటు చేసింది. 2014లో అమల్లోకి వచ్చిన ఆయుధ వాణిజ్య ఒప్పందంలో మాత్రం భారత్ చేరలేదు. దరఖాస్తుదారు నుంచి చివరి వాడుకరి పేరు దాకా రాబడుతున్నప్పుడు, వ్యాపార రహస్యాలు పోను మిగతాది ప్రజల ముందు పెట్టడంలో ఇబ్బంది ఉండకూడదని నా అభిప్రాయం.

అనుమతి వచ్చాక దాని నంబరును కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రమైన షిప్పింగ్ బిల్లులో చూపాలి. అనుమతిలో రాసిన వస్తువు, పరిమాణం, వాడుకరి, గడువు దాటి ఏదీ పంపకూడదు. కొనుగోలుదారు మారితే పాత అనుమతి చెల్లదు, కొత్త దరఖాస్తు పెట్టుకోవాలి. కాగితాలన్నీ కనీసం 5 ఏళ్లు భద్రపరచండి. తేడాలు బయటపడితే జరిమానాతో పాటు ఐఈసీ కూడా రద్దు కావచ్చు.