హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళని, అమ్మానాన్న లేని పిల్లల్ని ఊళ్ళోనే చూసుకోడం ఎలా (మన సిక్కోలు, విజయనగరం పల్లెల కోసం)

ముందు మనుషులు కావాలండి, డబ్బుల సంగతి తర్వాత. ఊళ్ళో నలుగురైదుగురు చాలు, అందులో సగం మంది ఆడవాళ్ళుండాలి, డ్వాక్రా సంఘంలో అందరూ నమ్మే ఆవిడ ఒకరు, కుదిరితే ఆశా కార్యకర్త, బండి ఉండి నోరు జారని కుర్రాడు ఒకడు. నోరు జారకపోవడమే ఈ పనికి మొదటి అర్హత. నమ్మి మనకి చెప్పిన మనిషి సంగతి వాళ్ళ ఒప్పుదల లేకుండా ఇంకొకరికి చెప్పడం 2017 హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోదు, చట్టం సంగతి పక్కన పెట్టినా ఒక్క మాట బయటికెళ్తే ఆ ఇంటి పిల్ల పెళ్ళి ఆగిపోద్ది, బోరింగు దగ్గర బిందె పక్కన పెట్టిస్తారు.

అందుకే గ్రూపుకి హెచ్‌ఐవీ అనే పేరే పెట్టకండి. మంచాన పడ్డ ముసలాళ్ళు, పక్షవాతం వచ్చినోళ్ళు, కిడ్నీ పేషెంట్లు, టీబీ వాళ్ళు, అందరిళ్ళకీ వెళ్ళండి, అప్పుడు మీరు ఏ గుమ్మం ఎక్కినా ఎవరికీ అనుమానం రాదు. ఆఫ్రికా పల్లెల్లో ఇది బాగా తెలిసొచ్చింది, ఎయిడ్స్ అనాథలు అని వేరుగా పిలిచి సాయం చేస్తే ఆ పిల్లల మీద ముద్ర పడిపోయేది, అందుకని కష్టంలో ఉన్న పిల్లలందర్నీ కలిపి చూడ్డం మొదలెట్టారు. జింబాబ్వేలో ముటారే చుట్టుపక్కల ఊళ్ళలో 1993 నుంచి అలా ఇళ్ళకి తిరిగింది ఎక్కువమంది ఆ ఊరి ఆడవాళ్ళే. ఉగాండాలో నోరీన్ కలీబా అనే ఆవిడ భర్త ఈ జబ్బుతో పోయాక, అదే బాధలో ఉన్న కొందరితో కలిసి 1987లో టాసో అనే సంస్థ పెట్టింది, అప్పటికి అక్కడ మందే లేదు, ఒకరికొకరు తోడు ఉండటం తప్ప. మనకి 2004 నుంచి మందు ఉచితం. అంటే మన పని వాళ్ళకంటే సులువే, మనసు పెడితే.

ఇంటికెళ్ళినప్పుడు మొదట చూడాల్సింది మాత్రలు. ఇప్పుడు చాలామందికి రోజుకి ఒక్కటే మాత్ర, కానీ ఆపకూడదు, ఆపి మళ్ళీ మొదలెట్టి మళ్ళీ ఆపితే వైరస్ ఆ మందుకి లొంగకుండా పోద్ది. "వేసుకున్నావా లేదా" అని పోలీసులా అడక్కండి, "ఎన్ని మిగిలాయి, మళ్ళీ ఎప్పుడెళ్ళాలి" అని అడగండి. ఎక్కువసార్లు మానేసేది బద్ధకంతో కాదు, కూలి పోద్దనో, బస్సు ఛార్జీ లేకో. మొజాంబిక్‌లో టేటే అనే చోట 2008లో ఆరుగురేసి జట్టు కట్టి నెలకొకరు వెళ్ళి అందరి మందూ తెచ్చుకునేవాళ్ళు. మన ఏఆర్‌టీ సెంటర్లో (హెచ్‌ఐవీ మందు ఇచ్చే చోటు) ఆ పద్ధతి కుదురుతుందో లేదో కౌన్సెలర్ని అడగండి, కుదరకపోయినా ఛార్జీలకి చిన్న నిధి పెట్టొచ్చు, బాగా నిలకడగా ఉన్నవాళ్ళకి ఒకేసారి ఎక్కువ నెలల మందు ఇవ్వమని అడగొచ్చు. గుజరాత్‌లో వేరావల్ పడవల మీదకి, చెన్నై, హైదరాబాద్ కూలి పనులకి వెళ్ళేవాళ్ళ విషయంలో ఇది మరీ ముఖ్యం, వెళ్ళేముందే అక్కడి సెంటర్‌కి పేరు మార్పించుకోవాలి, వెళ్ళాక చూద్దాం అంటే మందు ఆగిపోయినట్టే.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం వైపు వాళ్ళకి ఒక మాట ప్రత్యేకంగా. ఆ మాత్రలో ఉండే టెనోఫోవిర్ అనే మందు కొందరికి కిడ్నీల మీద పడుతుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చామని, ఇంట్లో కిడ్నీ జబ్బుందని డాక్టర్‌కి చెప్పి క్రియాటినిన్ టెస్ట్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసే రక్త పరీక్ష) చేయించమనండి, అవసరమైతే మందు మారుస్తారు. సొంతంగా మాత్ర ఆపడం, ఒళ్ళునొప్పులకి మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని మింగడం రెండూ వద్దు.

దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా టీబీ పరీక్ష చేయించండి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళని ఎక్కువగా తీసుకుపోయేది టీబీనే. తిండికి చోడి అంబలి, గుడ్డు, పప్పు, ఉన్నవే పెట్టండి, నోరు పూసి మింగలేకపోతే కారం లేకుండా మెత్తగా చేసి పెట్టి డాక్టర్‌కి చెప్పండి. విరేచనాలకి ఓఆర్ఎస్. మంచంలో ఉన్నవాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ముట్టుకుంటే, ఒకే కంచంలో తింటే, దోమ కుడితే హెచ్‌ఐవీ రాదు, రక్తం తుడిచేటప్పుడు మాత్రం గ్లవ్స్ వేసుకోండి, సూది గుచ్చుకుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తండి, 72 గంటల లోపు మందు మొదలవ్వాలి, ఎంత తొందరైతే అంత మంచిది.

ఇక పిల్లలు. అమ్మానాన్న పోగానే "హాస్టల్లో పడేద్దాం" అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, నా అభిప్రాయం అది ఆఖరి దారి కావాలి. మామ్మ దగ్గరో మేనత్త దగ్గరో, అన్నాచెల్లెళ్ళని విడదీయకుండా ఉంచితేనే పిల్లలు నిలబడతారు. అయితే ఆ మామ్మకి కూడా వయసైపోయి ఉంటది, కాబట్టి సాయం మామ్మకే వెళ్ళాలి, వారానికోసారి బియ్యం, బట్టలుతకడానికి ఒక చెయ్యి, సాయంత్రం పిల్లలకి చదువు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఇలాంటి పిల్లలకి నెలకి 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అప్లై చేయాలి, పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. చూసేవాళ్ళెవరూ లేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, మీరే తీసుకెళ్ళి ఎవరికో అప్పజెప్పకండి. ఇంట్లో పెద్దది పన్నెండు దాటిన ఆడపిల్లే అయి ఇల్లు నడుపుతుంటే, తమ్ముళ్ళ స్కూలు అడ్మిషన్‌కి, బ్యాంకు ఖాతాకి ఆ పిల్లే గార్డియన్‌గా ఉండొచ్చని అదే 2017 చట్టంలో ఉంది, ఈ సంగతి చాలా ఆఫీసుల్లో తెలీదు, కాబట్టి చట్టం కాపీ పట్టుకెళ్ళండి.

తల్లి బతికుండగానే చేయాల్సినవి కొన్ని. పిల్లల ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, భూమి పాస్‌బుక్, భర్త మరణ ధృవీకరణ, అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో. పొలం కాగితాలు లేకపోతే బాబాయిలదే రాజ్యం, ఆఫ్రికాలోనూ విధవల భూమి ఇలాగే పోయింది. న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్ళకి, పిల్లలకి లాయర్ ఉచితం. ఇంకా ఉగాండాలో తల్లులు ఒక పుస్తకం రాసేవాళ్ళు, మెమరీ బుక్ అంటారు, నువ్వు పుట్టినరోజు ఏం జరిగింది, మీ తాత ఎవరు, నీకేది ఇష్టం, ఇలా. రాయడం రాని అమ్మయితే ఫోన్లో రికార్డ్ చేయండి, రెండు మూడు చోట్ల దాచండి.

పిల్లలకి కూడా ఐసీటీసీలో (సర్కారు హెచ్‌ఐవీ పరీక్ష కేంద్రం) టెస్ట్ చేయించండి, ఉచితమే, పాజిటివ్ అయితే అదే రోజు నుంచి మందు అడగండి. ఏఆర్‌టీ వాడేవాళ్ళకి పెన్షన్ 2024 జులై నుంచి నెలకి 4,000 అయింది, సచివాలయానికి వెళ్ళడానికి సిగ్గుపడితే తోడెళ్ళండి, ఏ పెన్షనో అందరి ముందూ గట్టిగా చెప్పొద్దని ముందే మాట్లాడుకోండి. హెచ్‌ఐవీ గురించి సందేహాలకి 1097 టోల్ ఫ్రీ ఉంది.

వెళ్ళే రోజు ముందే చెప్పి ఆ రోజే వెళ్ళండి. ఎవరింట్లోనైనా పెళ్ళో చావో ఉండి వెళ్ళలేకపోతే ఇంకొకర్ని పంపండి, ఇద్దరిద్దరుగా జత కట్టుకుంటే ఎవరూ అలిసిపోకుండా ఉంటారు.