భూటాన్ పల్లె లోయలు చూడాలంటే ట్రిప్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

భూటాన్ వెళ్లినవాళ్లలో చాలామంది పారోలో కొండ మీది టైగర్స్ నెస్ట్ మఠం ఎక్కి, థింపూ చూసి తిరిగొచ్చేస్తారు. పొలాలు, ఆవులు, చెక్క ఇళ్లు ఉండే లోయల్లో రెండు రాత్రులైనా గడపకపోతే ఆ దేశాన్ని సగమే చూసినట్టు.

1. ముందు లోయను ఎంచుకోండి. వారం లోపు సెలవు ఉంటే హా, ఫొబ్జిఖా లోయలు చాలు. పారో నుంచి చెలేలా కనుమ దాటితే హా వస్తుంది. 2002 దాకా పర్యాటకులను అనుమతించలేదు కాబట్టి ఇప్పటికీ అక్కడ రద్దీ తక్కువే. బుంథాంగ్ జిల్లాలో నాలుగు లోయలున్నాయి. వాటిలో చుమే లోయలో నేసే ‘యాత్రా’ అనే ఉన్ని బట్టలు చూసి తీరాలి. కానీ చాలా దూరం, పది రోజులుంటేనే పెట్టుకోండి.

2. ఫొబ్జిఖాకు నవంబర్‌లో వెళ్లండి. నా ఓటు ఎప్పుడూ ఈ లోయకే. టిబెట్ నుంచి నల్లమెడ కొంగలు అక్టోబర్ చివర్లో వచ్చి ఫిబ్రవరి, మార్చి దాకా ఉంటాయి. ఏటా నవంబర్ 11న గాంగ్‌టే మఠం ప్రాంగణంలో వాటి పేరు మీదే ఉత్సవం చేస్తారు. తీగలకు తగిలి పక్షులు చచ్చిపోకూడదని ఇక్కడ కరెంటు లైన్లను భూమిలోంచి వేశారు. ఎంత మంచి మనసు! మఠం దగ్గర నుంచి పైన్ చెట్ల మధ్యగా, బంగాళాదుంప చేల పక్కగా లోయలోకి దిగే కాలిబాట ఉంది. నింపాదిగా నడిచినా రెండు గంటలు. చిత్తడి నేలలోకి మాత్రం దిగొద్దు, కొంగలు బెదిరిపోతాయి.

3. కాగితాలు సిద్ధం చేసుకోండి. మనకు వీసా అక్కర్లేదు, ఎంట్రీ పర్మిట్ చాలు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చెల్లదు. భారతీయులకు పర్యాటక రుసుము రాత్రికి మనిషికి 1,200 రూపాయలు, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సగం. అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకైతే వీసా కావాలి, రుసుము కూడా 100 డాలర్లు. థింపూ, పారో దాటాలంటే గైడ్ ఉండాల్సిందే.

4. రైల్లో వెళ్తే పశ్చిమ బెంగాల్‌లోని హాసీమారాలో దిగి, సరిహద్దు ఊరు జైగావ్ మీదుగా భూటాన్‌లోని ఫుంట్‌షోలింగ్‌లో ప్రవేశించొచ్చు. దారంతా మలుపులే. వాంతుల మాత్రలు దగ్గర పెట్టుకోండి, రాత్రి ప్రయాణం వద్దు.

5. హోటల్ బదులు రైతుల ఇంట్లో హోమ్‌స్టే అడగండి. కట్టెల పొయ్యి చుట్టూ కూర్చుని ఎర్రన్నం, ఎమా దాత్షీ తింటారు. పచ్చిమిర్చినే కూరగా చీజ్‌తో వండుతారు. కారం విషయంలో మనకు టెన్షన్ లేదు! హా లోయలో అయితే బక్‌వీట్ పిండితో మోమోల్లా చేసే హోయెంతే అడిగి చేయించుకోండి. ఎర్రగా కాల్చిన రాళ్లు వేసిన వేడినీళ్ల స్నానం కావాలంటే మధ్యాహ్నమే చెప్పాలి, రాళ్లు కాలడానికి గంటలు పడుతుంది. ఫొబ్జిఖా దాదాపు 3,000 మీటర్ల ఎత్తులో ఉంది. నవంబర్ రాత్రుల్లో చలి గట్టిగా ఉంటుంది కాబట్టి ఉన్ని టోపీ, మందం సాక్సులు మర్చిపోకండి.