పండగ సేల్‌కి ముందు పెద్ద డేటాబేస్ దగ్గర జాగ్రత్తలు

దసరా, దీపావళి సేల్స్ దగ్గర పడుతున్నాయంటే "ఆ స్లో క్వెరీల సంగతి ఒకసారి చూడండి" అనే మాట టీముల్లో మొదలవుతుంది. చూడాల్సిందే. కానీ ఆ రోజుల్లో నెమ్మదిగా నడిచే క్వెరీ (డేటాబేస్‌కి పంపే అభ్యర్థన) కన్నా, దాన్ని బాగు చేద్దామని లైవ్ డేటాబేస్ మీద హడావిడిగా కొట్టే కమాండే ఎక్కువ ప్రమాదం. రిపోర్టు ఆలస్యమైతే ఒక మేనేజర్ కాసేపు ఎదురు చూస్తారు, అంతే. ఆర్డర్ల టేబుల్‌కి లాక్ (వేరేవాళ్లు వాడకుండా తాళం) పడితే కొనడానికి వచ్చినవాళ్లంతా ఆగిపోతారు. కోట్ల రికార్డులతో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లు సేల్‌కి కనీసం నెల ముందే ఈ పనులు పూర్తి చేసుకోవాలని నా గట్టి సలహా.

ముందు ఏ క్వెరీని ముట్టుకోవాలో తేల్చుకోండి. అన్నిటికన్నా ఎక్కువసేపు నడిచేదే దోషి అనుకుంటే పొరపాటు. రోజుకు ఒకసారి నడిచే 30 సెకన్ల రిపోర్టు తీసుకునేది 30 సెకన్లే. గంటకు లక్షసార్లు నడిచే 40 మిల్లీసెకన్ల క్వెరీ మాత్రం 4,000 సెకన్లు తింటుంది, అంటే గంటలో గంటకు మించిన పని. ఈ లెక్క పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఇస్తుంది. అది ముందుగా ఆన్ చేసి లేకపోతే సర్వర్ రీస్టార్ట్ చేయాలి. సేల్ మధ్యలో ఆ పని కుదరదు కాబట్టి ఇప్పుడే చూసుకోండి.

క్వెరీని డేటాబేస్ ఏ దారిలో నడుపుతుందో చెప్పే ప్లాన్ చూడటానికి అందరం ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అనే కమాండ్ వాడతాం. అది క్వెరీని నిజంగానే నడుపుతుంది. డిలీట్ ముందు పెట్టి నడిపితే రికార్డులు నిజంగానే పోతాయి. ట్రాన్సాక్షన్ (అన్నీ కలిపి ఖాయం చేసే లేదా రద్దు చేసే పనుల కట్ట) మొదలుపెట్టి, చూశాక రోల్‌బ్యాక్ చేస్తే, అంటే రద్దు చేస్తే, డేటా దక్కుతుంది గానీ, ఆ కాసేపూ లాకులు పడే ఉంటాయి. అప్‌డేట్, డిలీట్‌లను కాపీ డేటాబేస్ మీదే పరీక్షించడం మేలు. ఆ కాపీలో పదివేల రికార్డులే ఉంటే ఉపయోగం లేదు. చిన్న టేబుల్‌కి ప్లానర్ (ప్లాన్ ఎంచుకునే భాగం) ఇండెక్స్‌ని (త్వరగా వెతకడానికి వాడే సూచికను) వదిలేసి మొత్తం టేబుల్ చదివేయడమే చవక అనుకుంటుంది, అసలు సైజులో వేరే దారి పడుతుంది. కాపీలో డేటా కూడా అంతే ఉండాలి, కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు మాత్రం మార్చేయాలి.

ప్లాన్‌లో నేను మొదట చూసేది టైమ్ కాదు, అంచనా వేసిన రికార్డుల సంఖ్యకీ నిజంగా వచ్చిన సంఖ్యకీ మధ్య తేడా. పది వస్తాయనుకున్నచోట పది లక్షలు వస్తే, ప్లానర్ నెస్టెడ్ లూప్ (ఒక్కో రికార్డుకీ రెండో టేబుల్‌లో మళ్లీ వెతికే పద్ధతి) ఎంచుకుని ఇరుక్కుపోతుంది. చాలాసార్లు ఇందుకు కారణం పాతబడిన స్టాటిస్టిక్స్, అంటే టేబుల్‌లోని డేటా గురించి డేటాబేస్ దాచుకున్న లెక్కలు. డిఫాల్ట్ సెట్టింగ్ ప్రకారం టేబుల్‌లో దాదాపు 10 శాతం మారితేగానీ వాటిని తాజా చేసే ఆటో అనలైజ్ నడవదు. పది కోట్ల రికార్డుల టేబుల్‌లో అది కోటి మార్పులు! పనికిరాని పాత రికార్డులను శుభ్రం చేసే ఆటోవాక్యూమ్ అయితే 20 శాతం దాకా ఆగుతుంది. పెద్ద టేబుళ్లకు ఈ శాతాన్ని విడిగా ఒకటికో రెండుకో తగ్గించండి. కొత్త ఇండెక్స్ గురించి ఆలోచించే ముందు ఒక్కసారి అనలైజ్ నడిపి చూడండి, సమస్య అక్కడే తీరిపోవచ్చు.

ఇండెక్స్ కావాల్సి వస్తే, మామూలు క్రియేట్ ఇండెక్స్ కమాండ్ పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లోకి కొత్త ఆర్డర్ ఒక్కటీ ఎక్కదు. కన్‌కరెంట్లీ అని చేర్చితే రాతలు ఆగవు, కానీ దానికీ షరతులున్నాయి. ట్రాన్సాక్షన్ లోపల నడవదు, కాబట్టి టేబుళ్ల మార్పులు నడిపే మైగ్రేషన్ టూల్‌లో ట్రాన్సాక్షన్ సెట్టింగ్ మార్చాలి. పాత ట్రాన్సాక్షన్లు ముగిసేదాకా ఎదురు చూస్తుంది. మధ్యలో ఫెయిలైతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోవచ్చు. అది వెతుకులాటకు పనికిరాదు, పైగా ప్రతి రాతకూ భారం అవుతుంది. దాన్ని తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. ఉన్న ఇండెక్స్ వాడకపోవడానికి క్వెరీయే కారణం కావచ్చు. ఆర్డర్ టైమ్ కాలమ్‌ని డేట్ ఫంక్షన్‌లో చుట్టి పోల్చితే మామూలు ఇండెక్స్ అక్కరకు రాదు. ఈ రోజు మొదలు నుంచి రేపటి మొదలు లోపు అని రాస్తే వస్తుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఆల్టర్ టేబుల్ కమాండ్. కాలమ్ చేర్చడం క్షణంలో అయ్యే పనే. కానీ అప్పటికే ఆ టేబుల్ మీద పొడుగాటి రిపోర్టు నడుస్తుంటే, ఆల్టర్ దాని వెనక ఆగుతుంది. ఆల్టర్ వెనక మామూలు సెలెక్ట్‌లు కూడా బారులు తీరతాయి. చూసేవాళ్లకి సైట్ పడిపోయినట్టే. అందుకే లాక్ టైమౌట్‌ని (లాక్ కోసం ఎదురు చూసే గడువును) రెండు మూడు సెకన్లు పెట్టి నడపండి, దొరకకపోతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి. సేల్ వారంలో అసలు వద్దు.

సార్టింగ్ డిస్క్ మీదకు పోతోందని వర్క్ మెమ్ (సార్టింగ్ లాంటి పనులకు ఇచ్చే మెమరీ) పెంచేటప్పుడు లెక్క వేసుకోండి. డిఫాల్ట్ 4 ఎంబీ. ఆ పరిమితి ఒక్కో కనెక్షన్‌కి కాదు, క్వెరీలోని ఒక్కో సార్ట్‌కి. సర్వర్ మొత్తానికి 256 ఎంబీ చేశారనుకోండి, 200 కనెక్షన్లు తలా ఒక సార్ట్ నిండా వాడినా 50 జీబీ కావాలి. రిపోర్టు నడిపే సెషన్‌కి మాత్రమే పెంచితే చాలు. ఆ రిపోర్టుల్ని రెప్లికా (అసలు డేటాబేస్‌ని అనుసరించే కాపీ సర్వర్) మీదకు మార్చగలిగితే ఇంకా మంచిది. పాత డేటా చెరిపే పనులు సేల్ అయ్యాక పెట్టుకోండి, అప్పుడు కూడా కొన్ని వేల చొప్పున.

సేల్ రోజు ఏదైనా క్వెరీ మొండికేస్తే ముందు ఆ క్వెరీని ఆపే పీజీ క్యాన్సిల్ బ్యాకెండ్ వాడండి, అది వినకపోతే ఆ కనెక్షన్‌నే తెంచే పీజీ టెర్మినేట్ బ్యాకెండ్. టెన్షన్‌లో ఆ ప్రాసెస్ మీద కిల్ మైనస్ నైన్ (ప్రాసెస్‌ని బలవంతంగా చంపే కమాండ్) మాత్రం కొట్టకండి. ఒక్కటి అలా చనిపోతే పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి రికవరీలోకి వెళుతుంది. ఇంకొకటి, యాప్‌ని అన్ని అధికారాలూ ఉండే సూపర్‌యూజర్ అకౌంట్‌తో నడపొద్దు. కనెక్షన్లు నిండిపోయినప్పుడు సూపర్‌యూజర్ కోసం డిఫాల్ట్‌గా మూడు కనెక్షన్లు మిగిలి ఉంటాయి. వాటిని యాపే వాడేస్తే ఆ క్వెరీని ఆపడానికి మీరే లోపలికి వెళ్లలేరు.