ఫిల్టర్ కాఫీకి గ్రైండర్ సెట్ చేసుకోవడం ఎలా?

డికాక్షన్ పలచగా దిగితే ఇంకో చెంచా పొడి వేస్తారు. చేదెక్కితే ఇంకో చెంచా పంచదార వేస్తారు. ఇంట్లో మంచి గ్రైండర్ ఉన్నవాళ్లు కూడా ఇదే చేస్తుంటే చూసి చూసి ఇది రాస్తున్నాను. దాని డయల్‌ను కొందరు కొన్న రోజు నుంచి ముట్టుకోరు. ముట్టుకున్నవాళ్లు ఒకేసారి అయిదారు మెట్లు తిప్పేస్తారు. నిజానికి చాలాసార్లు తేడా పొడి సైజులోనే ఉంటుంది.

కావలసినవి: బర్ గ్రైండర్ (చేత్తో తిప్పేదైనా, కరెంటుదైనా), స్టీలు ఫిల్టర్, గ్రాములు చూపే చిన్న కాటా, కాగితం, పెన్ను. గింజలు మీడియం రోస్ట్ (మరీ నల్లబడకుండా వేయించిన) పీబెర్రీతో (కాయలో రెండుకు బదులు ఒక్కటే పెరిగిన గుండ్రటి గింజ) మొదలుపెట్టండి.

మిక్సీ పనికిరాదు. దాని బ్లేడు గింజను ఎలా పడితే అలా నరుకుతుంది. ఒకే జారులో కొంత పిండి, కొంత నూక తయారవుతాయి. పిండి నుంచి చేదు, నూక నుంచి పులుపు ఒకే కప్పులోకి దిగుతాయి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత మంచి గింజను తెచ్చి చట్నీ జారులో వేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

బర్ గ్రైండర్ మన తిరగలి లాంటిదే. రాళ్లకు బదులు బర్లు అనే రెండు పళ్ల చక్రాలు ఉంటాయి. వాటి మధ్య సందు తగ్గితే పొడి మెత్తగా, పెరిగితే బరకగా వస్తుంది. డయల్ మార్చేది ఆ సందునే.

1. సున్నా పట్టుకోండి. చేతి గ్రైండర్‌ను ఖాళీ చేసి, బ్రష్‌తో దులిపి, డయల్‌ను మెల్లగా బిగిస్తూ వెళ్లండి. హ్యాండిల్ తేలిగ్గా తిరగకుండా పట్టేసే చోటే సున్నా. అక్కడి నుంచి వదులు చేస్తూ క్లిక్కులు లెక్కపెట్టండి. నా దాంట్లో ఫిల్టర్ కాఫీకి 14 క్లిక్కులు. మీ దాంట్లో 9 కావచ్చు, 22 కావచ్చు. కరెంటు గ్రైండర్‌కి ఈ పని అక్కర్లేదు, డయల్ మీది అంకెలు చాలు. మధ్య అంకె కన్నా కాస్త మెత్తన వైపు మొదలుపెట్టండి.

2. వేళ్లతో చూడండి. పొడి బొంబాయి రవ్వ కన్నా సన్నగా, గోధుమపిండి కన్నా గరుకుగా ఉండాలి. మా అత్తయ్యగారు చిటికెడు తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపేవారు. వేలి గీతల్లోకి పాకిపోతే మరీ మెత్తన, అంటుకోకుండా జారిపోతే బరక. వేలికి పల్చగా అంటి, నలిపితే గరుకు తగిలితే సరిపోయినట్టే.

3. దించి చూడండి. 20 గ్రాముల పొడి వేసి, బిళ్లతో తేలిగ్గా అదిమి, మరిగిన నీళ్లు 100 మిల్లీలీటర్లు పోయండి. 15 నుంచి 20 నిమిషాల్లో దిగాలి. అయిదు నిమిషాల్లోనే దిగిపోయి, పుల్లగా నీళ్లలా ఉంటే పొడి బరక. అరగంట దాటినా పై గిన్నెలో నీళ్లు నిలిచి, దిగినది చేదుగా ఉంటే మెత్తన. గట్టిగా అదిమినా ఇలాగే నిలుస్తాయి, కాబట్టి ముందు మీ చెయ్యి చూసుకోండి.

4. ఇప్పుడు డయల్ తిప్పాలి. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు.

బరక వైపు ఎప్పుడైనా తిప్పుకోవచ్చు. మెత్తన వైపు, అంటే బిగించే వైపు, గింజలు లోపల ఉండగా ఆగి ఉన్న గ్రైండర్‌ను ఎప్పుడూ తిప్పకూడదు. బర్ల మధ్య సగం నలిగిన ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. మీరు బిగిస్తే అవి ఇంకా ఒత్తుకుపోతాయి. తర్వాత స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుంది గానీ తిరగదు. మా బంధువుల ఇంట్లో ఇలాగే పట్టేస్తే, డయల్‌ను బలం కొద్దీ తిప్పారు. లోపలి ప్లాస్టిక్ పళ్లు రెండు విరిగాయి.

కరెంటుదైతే స్విచ్ వేసి, బర్ తిరుగుతుండగానే బిగించండి. చేతిదైతే గింజలన్నీ అయిపోయేదాకా తిప్పి, ఇంకో రెండు చుట్లు ఖాళీగా తిప్పి అప్పుడు బిగించండి. బిగించేటప్పుడు రెండో చేత్తో హ్యాండిల్‌ను కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే డయల్‌తో పాటు ఇరుసు కూడా తిరిగిపోతుంది, సందు మాత్రం మారదు.

ఒకసారికి ఒక్క మెట్టే. పొడి, నీళ్లు, అదిమే తీరు నిన్నటిలాగే ఉంచండి. రెండు మారిస్తే రుచి దేనివల్ల మారిందో తెలియదు.

మార్చిన వెంటనే వచ్చే పొడిని నమ్మకండి. పాత సైజు పొడి కొంత లోపలే అంటుకుని ఉంటుంది. అయిదు గ్రాముల గింజలు వేసి తిప్పి, ఆ పొడిని పక్కన పెట్టేయండి. ఆ తర్వాత వచ్చిందే అసలు పొడి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ఒక మెట్టు తిప్పుతారు, రుచి మారలేదని ఇంకో మెట్టు తిప్పుతారు. మర్నాడు రెండు మెట్ల తేడా కలిసి వచ్చి, డికాక్షన్ చుక్క దిగదు. గ్రైండర్ పాడైందని టెన్షన్ పడతారు.

చికోరీని (కాఫీలో కలిపే, వేయించిన ఒక రకం వేరు) గ్రైండర్‌లో వేయొద్దు. విడిగా పొడి కొని తర్వాత కలపండి. కలిపితే డికాక్షన్ నెమ్మదిగా దిగుతుంది కాబట్టి ఒక మెట్టు బరక వైపు జరగండి. మన దేశంలో 49 శాతం వరకు చికోరీ కలపవచ్చు గానీ, 20 శాతం దాటితే గింజ రుచి మిగలదు.

కుదిరిన అంకెను, దిగడానికి పట్టిన సమయాన్ని కాగితం మీద రాసి అలమర తలుపు లోపలి వైపు అంటించండి. కొత్త రకం గింజ తెచ్చినప్పుడు మళ్లీ చూసుకోవాలి. డార్క్ రోస్ట్ గింజ పెళుసుగా ఉండి పిండి ఎక్కువ రాలుతుంది, అందుకని ఒక మెట్టు బరక నుంచి మొదలుపెట్టండి. చేతి గ్రైండర్ బర్లు విప్పి తుడిచిన ప్రతిసారీ సున్నా మళ్లీ పట్టుకోండి, బిగింపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా పాత లెక్క తప్పుతుంది. తుడిచేది పొడి బ్రష్‌తోనే, నీళ్లు తగలనివ్వకండి.