మహేంద్రగిరి చుట్టూ సైకిల్: కొండ దాటినవాళ్ళు పల్లంలో ఎందుకు ఆగిపోతున్నారు?

ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి ఆర్.ఉదయగిరి, మోహనా, తప్తపాణి, దిగపహండి మీదుగా బరంపురం. అక్కణ్ణుంచి ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం మీదుగా మళ్ళీ ఇంటికి. సుమారు 300 కిలోమీటర్లు, మూడు రోజులు. ఈ దారి నేను చాలాసార్లు తిరిగాను. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే ఇబ్బందులు ఎప్పుడూ అవే. వాటిలో ఒక్కదాని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దాన్ని ఎవరూ చూసుకోవడం లేదు.

సమస్య: మొదటి రోజే కాళ్ళు పట్టేశాయి

మహేంద్రగిరి 1501 మీటర్లు అని చదివి భయపడతారు. మనం శిఖరం ఎక్కడం లేదు, దాని చుట్టూ తిరుగుతున్నాం. కాళ్ళను తినేసేది ఆ ఎత్తు కాదు, దారిలో ఎక్కీ దిగీ మళ్ళీ ఎక్కే చిన్న చిన్న మెట్టలు. మ్యాపులో బయలుదేరిన ఊరి ఎత్తు, చేరే ఊరి ఎత్తు చూసి తీసివేత చేయకండి. మొత్తం ఎక్కుడు ఎంతో చూడండి. మొదటి రోజు మోహనాలో ఆగిపోండి. లేదంటే చంద్రగిరిలో పడుకోవచ్చు. 1963 నుంచి అక్కడ టిబెటన్లు స్థిరపడి ఉన్నారు, వేడివేడి తుక్పా (నూడుల్స్ సూపు) దొరుకుతుంది.

సమస్య: తప్తపాణి ఘాట్ దిగుతుంటే బ్రేకు పట్టడం లేదు

బ్రేకు నొక్కిపెట్టి ఉంచేస్తున్నారు. రిమ్ము కాలిపోయి రబ్బర్లు జారుతాయి, ఒక్కోసారి ట్యూబు కూడా పేలుతుంది. గట్టిగా నొక్కి వదలండి, మళ్ళీ నొక్కండి. సామాను ఎక్కువుంటే మధ్యలో ఒకచోట ఆగి చక్రాల్ని చల్లారనివ్వండి.

సమస్య: చదునైన రోడ్డు మీద సైకిల్ కదలడం లేదు

అసలు విషయం ఇదే. కొండలన్నీ దాటేశారు, ఇచ్ఛాపురంలో బాహుదా వంతెన కూడా దాటారు. ఇక పలాస వరకూ సుమారు 50 కిలోమీటర్లూ నున్నటి హైవే, రెండున్నర గంటల పని అనుకుంటారు. తీరా కంచిలి దగ్గరికొచ్చేసరికి స్పీడు పన్నెండు దాటదు. కొండలో అలిసిపోయామనుకుని గ్లూకోజు తాగుతారు, లేదంటే సైకిల్ మీద అనుమానపడతారు.

నేనూ అలాగే చేశాను. శివరాత్రి వెళ్ళిన తర్వాత, మార్చిలో, మధ్యాహ్నం పూట. ముందు టైరు నొక్కి చూశాను, గట్టిగానే ఉంది. వెనక చక్రం ఎత్తి తిప్పాను, ఎక్కడా రాసుకోకుండా గిర్రున తిరిగింది. చైనుకు నూనె వేశాను. అయినా అంతే. దారిపక్కన కొబ్బరిబొండాలు కొట్టే పెద్దాయన నా అవస్థ అంతా చూసి, "ఏటి బావూ, గాలికి ఎదురెళ్తన్నావు, బండినేటి సూత్తావు?" అన్నాడు. తలెత్తి చూశాను. ఉద్దానం తోటల్లో ఒక్కో కొబ్బరి చెట్టు మట్టలన్నీ ఒకే వైపు, నేను వచ్చిన బరంపురం వైపే, జుట్టు దువ్వినట్టు వాలి ఉన్నాయి. ఆయన బండికి కట్టిన గోనెపట్టా కూడా అటే కొట్టుకుంటోంది. రెండు గంటలుగా నేను చక్రాలనే చూస్తున్నాను, చెట్లను చూడలేదు.

కారణం ఇదీ. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది, హైవే కూడా దాని వెంటే పోతుంది. మార్చి నుంచి వానాకాలం చివరిదాకా ఇక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి. బరంపురం నుంచి పలాసకు వచ్చేవాడికి అది నేరుగా మొహం మీదే. నవంబరు నుంచి జనవరి దాకా గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, అప్పుడు అదే దారి వాలుగాలి. 20 కిలోమీటర్ల స్పీడుతో వెళ్తుంటే ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి ఉందనుకోండి, ఒంటికి తగిలేది 35. గాలి అడ్డు స్పీడు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి దాదాపు మూడు రెట్లు అవుతుంది. క్యారియర్‌కి రెండు పక్కలా సంచులుంటే ఇంకా ఎక్కువ. కొండల్లో మలుపులు, చెట్లు కాస్తాయి కాబట్టి మొదటి రెండు రోజులూ ఇది తెలియదు.

మనవాళ్ళు దీనికి దొరికిపోవడానికి ఇంకో కారణం ఉంది. మహేంద్రగిరి పరశురాముడి కొండ, చుట్టూ తిరగడమంటే ప్రదక్షిణే అనుకుంటాం. కొండ కుడిచేతి వైపు ఉండాలని ముందు ఉదయగిరి వైపే వెళ్తాం. చలికాలంలో అది సరైన దారి. మార్చిలో అదే తప్పు. అప్పుడు టెక్కలి, పలాస వైపు ముందు తిరగండి, గాలి వెనక నుంచి తోసి బరంపురం చేరుస్తుంది. తప్తపాణి ఘాట్ ఎక్కాల్సి వస్తుంది, నిజమే. కానీ ఎక్కుడు ఎక్కడో ఒకచోట అయిపోతుంది, ఎదురుగాలి అవదు. ప్రదక్షిణగానే తిరగాలన్న పట్టుంటే ఆ గౌరవం నాకూ ఉంది, అప్పుడు చలికాలంలో వెళ్ళండి. లేదా ఇచ్ఛాపురంలో పడుకుని తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరండి, ఎండ ముదిరి గాలి లేచేలోపు పలాస దాటేయొచ్చు.

ఫోన్లో గాలి చూసేటప్పుడు రెండుచోట్ల పొరబడతారు. నైరుతి గాలి అంటే నైరుతి నుంచి వచ్చేది, అటు పోయేది కాదు. బాణం గుర్తు మాత్రం చాలా యాప్‌లలో గాలి పోయే వైపు చూపిస్తుంది. ఇక అంకె. 6 అని కనిపిస్తే తేలిక గాలి అనుకోకండి, అది సెకనుకు మీటర్లలో ఉంటే గంటకు 21 కిలోమీటర్ల పైమాట.

మిగతావి

ఒకే చక్రం పదే పదే పంచరవుతుంటే టైరు లోపలివైపు వేలితో తడమండి, తుమ్మముల్లు మొన అక్కడే విరిగి ఉంటుంది. ఏనుగులు అరుదు, చీకటి పడ్డాక అడవి రోడ్డు మీద ఉండకపోతే చాలు. కొండచరియలు విరిగిపడటం కూడా అరుదే, కానీ 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఆ నెలలో తుపాను కబురు వింటే బయలుదేరకండి.

పలాస దాటాక ఇక తొక్కలేకపోతే టెక్కలిలో లగేజీ ఆటో మాట్లాడుకుని సైకిల్ ఎక్కించేయండి. బేరం చీకటి పడకముందే చేసుకోండి.