ట్రాక్ కోసం మార్చిన బైకు వైరింగ్: లక్షణం, కారణం, పరిష్కారం

రోడ్డు మీద తిరిగే బైకును రేస్ ట్రాక్ కోసం సిద్ధం చేసేటప్పుడు హెడ్‌లైట్, ఇండికేటర్లు, అద్దాలు, హారన్, సైడ్ స్టాండ్ విప్పేస్తాం. వాటితో పాటు వాటి తీగలను కూడా కత్తిరించేయడంతోనే చాలా ఇబ్బందులు మొదలవుతాయి. పనికిరానిదిగా కనిపించే తీగ ఒక్కోసారి ఇంజిన్ నడవడానికి అనుమతినిచ్చే స్విచ్‌దో, మరో నాలుగు పరికరాలకు ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్లే దారి) అందించేదో అయి ఉంటుంది. హైదరాబాదు నుంచి బండిని వ్యానులో వేసుకుని చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ దాకా వెళ్లి, మొదటి సెషన్‌లోనే అలాంటి లోపంతో ఆగిపోతే ఆ రోజు పోయినట్టే. అందువల్ల వైరింగ్ సెట్టును కోయకుండా, అక్కర్లేని పాయలను కప్లర్ల (తీగలను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గుల) దగ్గరే విడదీసి, తడి, దుమ్ము చొరబడకుండా మూసి ఫ్రేముకు కట్టమనే నేను గట్టిగా చెబుతాను. ఇప్పటికే కోసి ఉంటే కింది లక్షణాలను బట్టి వెతకవచ్చు.

న్యూట్రల్‌లో నడుస్తున్న ఇంజిన్ గేరు వేయగానే ఆగిపోతుంది

స్టాండుతో పాటు దాని స్విచ్‌ను కూడా తీసేయడం వల్ల, స్టాండు ఇంకా దించే ఉందని ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) భావిస్తుంది. స్విచ్‌కు రెండే తీగలు ఉండి, స్టాండు పైకి ఎత్తినప్పుడు వాటి మధ్య కంటిన్యుటీ (కరెంటు తెగకుండా పోయే దారి) ఉన్నట్టు మల్టీమీటర్ చూపిస్తే, ఆ రెంటినీ కలిపితే సరిపోతుంది. మూడు తీగలున్న అయస్కాంత సెన్సార్ అయితే మాత్రం తీగలను ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. అలా కలిపితే సరఫరా నేరుగా ఎర్త్‌కు తగిలే ప్రమాదం ఉంది. అలాంటి బండ్లలో సెన్సార్‌ను దాని చోటే ఉంచి, స్టాండు పైకి ఉన్నప్పుడు అయస్కాంతం ఎక్కడ ఉండేదో అక్కడే దాన్ని బిగించాలి.

సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు

ఫెయిరింగ్ (బండి ముందు, పక్కల ఉండే తొడుగు) మార్చినప్పుడు బండి పడిపోవడాన్ని పసిగట్టే సెన్సార్‌ను వేరే చోటికి మార్చారేమో చూడండి. అది తలకిందులుగానో పక్కకు వాలినట్టుగానో బిగిస్తే, బండి కింద పడి ఉందనుకుని ఈసీయూ ఇంధన పంపును, ఇగ్నిషన్‌ను నిలిపేస్తుంది. దాన్ని పాత కోణంలోనే, రబ్బరు బుష్‌లతో సహా అమర్చాలి. ఈ సెన్సార్‌ను బైపాస్ చేయడానికి నేను ఒప్పుకోను, ఎందుకంటే బండి పడిన తరువాత కూడా పంపు పెట్రోలు తోడుతూనే ఉంటే ఆ ప్రమాదం రైడరు ఒక్కరితో ఆగదు.

హ్యాండిల్ తిప్పినప్పుడు ఫ్యూజు పోతుంది

ట్రాక్ బండ్లలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే లోపం ఇదే. హ్యాండిల్‌ను కిందికి దించి క్లిప్-ఆన్‌లు (ఫోర్కు గొట్టాలకు నేరుగా బిగించే పొట్టి హ్యాండిళ్లు) బిగించినప్పుడు, పాత పొడవుకు తగ్గట్టు ఉన్న తీగలు స్టీరింగ్ మెడ దగ్గర మడత పడి, ఫోర్కుకూ ఫ్రేముకూ మధ్య నలుగుతాయి. పై తొడుగు అరిగి, లోపలి రాగి ఫ్రేముకు తగిలిన క్షణంలో ఫ్యూజు పోతుంది. హ్యాండిల్ నిటారుగా ఉంటే ఏ లోపమూ కనిపించదు కాబట్టి, ఫ్యూజు మీద ఫ్యూజు మార్చడం, చివరకు విసిగి పెద్ద ఆంపియర్లది పెట్టడం చాలామంది చేసే పొరపాటు. పెద్ద ఫ్యూజు పెడితే అది పోయేలోపే తీగ కాలుతుంది.

దీనికి చౌకైన, నమ్మకమైన పద్ధతి ఒకటి ఉంది. పోయిన ఫ్యూజు తీసేసి, దాని రెండు కాళ్ల స్థానంలో 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బును కలపండి. బల్బు గుండా రెండు ఆంపియర్ల కంటే తక్కువ కరెంటే పోతుంది కాబట్టి తీగలకు ప్రమాదం ఉండదు. ఆ ఫ్యూజు మీద ఆధారపడిన పరికరాల కప్లర్లు విడదీసి, తాళం చెవి తిప్పి, హ్యాండిల్‌ను ఒక చివర నుంచి మరో చివరకు నెమ్మదిగా తిప్పుతూ, తీగల కట్టను అంగుళం అంగుళం చేత్తో కదిలించండి. బల్బు పూర్తి కాంతితో వెలిగిన చోటే షార్ట్ ఉంది. దెబ్బతిన్న తీగను అదే మందం తీగతో మార్చి, క్రింప్ చేసి (లోహపు తొడుగుతో నొక్కి కలిపి), లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగుసుకునే గొట్టం) తొడగాలి. నల్ల ఇన్సులేషన్ టేపు వేడికి కరిగి జారిపోతుంది. తరువాత కట్టకు కాస్త వదులుగా మలుపు ఇచ్చి, బట్ట టేపు చుట్టి, ఫోర్కుకు దూరంగా కట్టాలి.

పదిహేను ఇరవై నిమిషాల తరువాత ఇంజిన్ మిస్ అవుతుంది

ముందు ఛార్జింగ్ చూడాలి, అది తగ్గి వోల్టేజీ పడిపోతే ఇంజిన్ తడబడుతుంది. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలగాలనే నిబంధన వచ్చింది. కాబట్టి ఛార్జింగ్ వ్యవస్థ ఆ భారాన్ని లెక్కలో పెట్టుకునే పనిచేస్తుంది. హెడ్‌లైట్ తీసేస్తే, షంట్ రకం రెగ్యులేటర్ (ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే పరికరం) మిగిలిన కరెంటును తానే ఎర్త్‌కు మళ్లించాల్సి వచ్చి మరింత వేడెక్కుతుంది. దానికి తోడు రేస్ ఫెయిరింగ్ గాలిని అడ్డుకుంటే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఇంజిన్‌ను 5,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి బ్యాటరీ కొసల మధ్య కొలిస్తే సుమారు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. 13 కంటే తక్కువ ఉంటే ముందు రెగ్యులేటర్ కప్లర్ తెరిచి చూడండి, చాలాసార్లు పిన్నులు గోధుమ రంగుకు మాడి కనిపిస్తాయి. అవి బాగుంటే, ఆ కప్లర్‌ను విడదీసి ఉంచి మాగ్నెట్ కాయిల్ (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే చుట్ట) మూడు తీగలను పరీక్షించాలి. వాటిలో ఏదీ ఇంజిన్ బాడీకి కంటిన్యుటీ చూపకూడదు, ఇంజిన్ నడుస్తుండగా ప్రతి జత మధ్యా ఏసీ వోల్టేజీ దాదాపు సమానంగా ఉండాలి. రెగ్యులేటర్ వేడెక్కే సమస్యకైతే దాన్ని గాలి తగిలే చోటికి మార్చడమే మేలైన పరిష్కారం.

ఎగుడుదిగుడులో మాత్రమే ఇంజిన్ తడబడుతుంది

వదులైన బ్యాటరీ టెర్మినల్, పెయింటు మీదే బిగించిన ఎర్త్, టంకం వేసిన చోట అదురుకు విరిగిన తీగ, ఈ మూడింటిలో ఒకటి సాధారణంగా దొరుకుతుంది. సెల్ఫ్ తిప్పుతూ బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిన్ బాడీకీ మధ్య కొలవండి. 0.2 వోల్టులకు మించి కనిపిస్తే ఎర్త్ కేబులు రెండు కొసలనూ లోహం మెరిసేదాకా గీకి మళ్లీ బిగించాలి.

హెడ్‌లైట్, ఇండికేటర్లు లేని బండిని ప్రజా రహదారి మీద నడపకూడదు. దాన్ని మళ్లీ రోడ్డుకు తెచ్చే ఉద్దేశం ఉంటే, విప్పేటప్పుడే ప్రతి కప్లర్‌కూ పేరు రాసిన టేపు అంటించి, విప్పకముందు ఎలా ఉందో ఫోటో తీసి పెట్టుకోండి.